ఎండ్రకాయ గారి నీళ్ళ మనిషి

పది గంటలకి చిన్నరాయప్పకి తెలిసిపోయింది.

రాత్రంతా నానబెట్టిన మందు డ్రమ్మును చెట్ల మొదట్లో ఒంపేద్దామని వంచాడు. మందు డ్రమ్ములో నీళ్ళు తెల్లగా, మజ్జిగ తేటలా ఉంటాయి. ఇవి అలా లేవు. అద్దంలా జారి మట్టిలో ఇంకిపోయాయి. రాయప్ప డ్రమ్మును సగం వంచి పట్టుకునే పక్క డ్రమ్ములోకి తొంగి చూశాడు. ఎండ సూటిగా పడుతోంది. అందులో నీళ్ళు తెల్లగా ఉన్నాయి.

పొద్దున ఆరింటికి ఎండ్రకాయ గారి గాజు జాడీలు రెండూ ముంచింది ఆ పక్క డ్రమ్ములోనే.

షెడ్డు గోడ పక్కన రెండు నీలం డ్రమ్ములుంటాయి. రెండూ ఒకే కొట్లో కొన్నవి, ఒకే ఎత్తు, ఒకే రంగు. ఎడమది మందు కలపడానికి, కుడిది వాడకం నీళ్ళకి. పన్నెండేళ్ళుగా అంతే. ఆ సంగతి రాయప్ప చేతికి తెలుసు, కంటికి అక్కర్లేదు. నిన్న మందు కొట్టే ట్రాక్టరు తిరగడానికి చోటు చాలక రెండింటినీ దూరంగా దొర్లించాడు. సాయంత్రం ఖాళీవి తెచ్చి నిలబెట్టి, కరెంటు ఉండగానే రెండింట్లోనూ పైపు పెట్టి నింపేశాడు. ఒకటి నానడానికి, ఒకటి వాడడానికి. తెచ్చేటప్పుడు ఏది ముందు దొర్లించాడో ఇప్పుడు ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రావడం లేదు. గుర్తొచ్చినా చేసేదేముంది? ఎడమది కుడికొచ్చింది. అడుగున మిగిలిన మందు మీద నీళ్ళు పోసి, ఆ నీళ్ళు మనిషికిచ్చాడు.

ఆరింటి మసకలో నీళ్ళ తెలుపు కంటికి ఆనలేదు, వాసన కూడా పట్టలేదు. నిన్నంతా మందు కొట్టిన తోట, ఆకు ఆకుకీ అదే వాసన.

రాయప్ప డ్రమ్ము వదిలేశాడు. అది కింద పడి దొర్లుకుంటూ పోయింది. అతను తోటలోకి పరిగెత్తాడు.

పదిహేడో వరసలో, పాత చిన్నరసం మామిడి చెట్టు కింద, మడత స్టూలు మీద ముసలాయన వంగి కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మీద అట్ట, అట్ట మీద కాగితం. కుంచెను జాడీలో ముంచాడు, రంగులో అద్దాడు, కాగితం మీద ఒక ఆకు లాగాడు. మళ్ళీ జాడీలో కడిగాడు. కడిగిన కుంచెను పెదాల మధ్య పెట్టి, సూదిలో దారం ఎక్కించే ముందు ఆడవాళ్ళు దారాన్ని తడిపినట్టు, కొస తేల్చాడు.

ఆరేళ్ళుగా చూస్తున్నదే. ఆయనకది ఊపిరి లాంటి అలవాటు. గంటకి ఎన్నిసార్లు కుంచె నోట్లో పెడతాడో ఆయనకే తెలియదు.

ఆయన తలెత్తి రాయప్పను చూసి నవ్వాడు.

"రాయప్పా! ఇవాళ నీళ్ళు బాగున్నాయ్. చూడు, మంచు లాగా వస్తోంది. ఎప్పుడూ రాలేదు ఇట్లా." కాగితం ఎత్తి చూపించాడు. ఆకుల మధ్య పల్చగా తెల్లటి పొగ పరుచుకుని ఉంది. "కొంచెం చేదు. కానీ బాగుంది."



* * *

ఆయన పేరు హెండ్రిక్. డచ్చి వాడు, హాలెండు దేశం. డెబ్బై నాలుగేళ్ళు. మొదటి ఏడాది మామిడికాయలకి కవర్లు తొడిగే ఆడవాళ్ళకి ఆ పేరు నోరు తిరగలేదు. ఎండలో ఆయన మొహం ఉడికించిన ఎండ్రకాయలా ఎర్రబడడం చూసి వాళ్ళే ఎండ్రకాయ గారని పెట్టేశారు. అర్థం తెలిశాక ఆయన కోప్పడలేదు. ఒక కాగితం మీద పెద్ద ఎండ్రకాయ గీసి, దానికి తన టోపీ పెట్టి, షెడ్డు తలుపుకి అంటించాడు.

"ఎండ్రకాయ గారూ, నా బొమ్మా గీయండి, మా ఆయన చూసి పారిపోతాడు," అనేవాళ్ళు వాళ్ళు.

"మీ ఆయన నిన్ను చూసి పారిపోలేదు. బొమ్మకి పోతాడా?" అనేవాడు ఈయన. కవర్లు తొడిగే కర్రలు వదిలేసి నవ్వేవాళ్ళు.

తెలుగు తోటలోనే నేర్చుకున్నాడు, అందుకే తోట కూలీల తెలుగే వచ్చు. గారు, అండీ ఆయన నోట్లోకి ఎక్కలేదు. ఏటా తోట కాపు కొనే నూజివీడు వ్యాపారి లక్ష్మీనరసింహారావును కూడా "నువ్వు ఎప్పుడొచ్చావ్ రావు?" అని పలకరించేవాడు. రావు గారికి ఒళ్ళు మండేది. కానీ తన తోటను దొర బొమ్మలు గీస్తున్నాడని మార్కెట్లో చెప్పుకోవడానికి బాగానే ఉండేది. షెడ్డు వెనక ఉన్న గదిని అందుకే ఇచ్చాడు.

దేశాలు తిరగడమే హెండ్రిక్ బతుకు. పంతొమ్మిదో ఏట ఇల్లు వదిలాడు. ఓడల కంపెనీలో మ్యాపులు గీశాడు, ఆ పని మీదే జావా పోయాడు, సిలోను పోయాడు, కొచ్చిన్‌లో నాలుగేళ్ళున్నాడు. పెళ్ళాడాడు, విడిపోయాడు. ఎక్కడా రెండు కుండలు కొనుక్కునేంత కాలం ఉండలేదు. ఉన్నదల్లా ఒక తోలుపెట్టె, అందులో రంగు బిళ్ళలు, పన్నెండు కుంచెలు. బందరు కోటలో పాత డచ్చి వాళ్ళ సమాధులున్నాయని విని వాటిని గీయడానికి వచ్చాడు. తిరిగి పోతూ బెజవాడ బస్టాండులో ఒక చిన్నరసం కొనుక్కుని, జుర్రుకుని, రసం మోచేతుల దాకా కారుతుంటే, "ఇది ఏ ఊరిది?" అని అడిగాడట. ఆ సాయంత్రానికి నూజివీడులో దిగాడు. అప్పట్నించి ఏటా జనవరిలో పూతకి వస్తాడు, మేలో కాయ దించాక పోతాడు.

ఆయనకొక పట్టింపు ఉంది. ఏ చోటి బొమ్మ ఆ చోటి నీళ్ళతోనే వేయాలి. బందరు సమాధుల్ని బందరు బావి నీళ్ళతో వేశాడు. ఉప్పుకి రంగు కాగితం మీద విరిగి, రాయి మీద పాచి లాగా వచ్చిందని మురిసిపోయాడు. ప్రతి బొమ్మ వెనకా పెన్సిలుతో రాస్తాడు: ఏ ఊరు, ఏ నీళ్ళు, రుచి ఎట్లా ఉంది. మినరల్ వాటర్ క్యాను చూపిస్తే చేయి అడ్డంగా ఊపుతాడు. "ఇది ఎవరి నీళ్ళూ కాదు."

ఆ నీళ్ళు ఇచ్చే పని రాయప్పది. ఏటా మొదటి రోజు హెండ్రిక్ జాడీలు రెండూ అతని చేతికిస్తాడు. రాయప్ప రోజూ పొద్దున్నే బోరు దగ్గర నింపి చెట్టు కిందికి తెచ్చిపెడతాడు. ఎవరడిగినా రాయప్ప గొప్పగా చెప్పుకునేది అదే. మందు కొట్టేవాడు, కాపలావాడు ఊరికి పది మంది ఉంటారు. బొమ్మకి నీళ్ళిచ్చేవాడు అతనొక్కడే.

ఆ రోజు పొద్దున బోరుకి కరెంటు లేదు.

* * *

చెట్టు కింద రాయప్ప రెండడుగులు ముందుకేసి, తూలినట్టు నటించి, జాడీలు రెండింటినీ కాలితో తన్నాడు. ఒకటి రాయికి తగిలి పగిలింది. తెల్లనీళ్ళు ఎండుటాకుల మీద పారాయి.

"అరే! కళ్ళు లేవా?"

"కాలు మడతపడిందండి. సార్, ఇక చాలండి, ఎండెక్కింది. ఇంటికి పదండి."

"సగం బొమ్మ ఉంది."

"రేపేద్దురు సార్. పదండి, మీకు దండం పెడతా."

హెండ్రిక్ అతని మొహం వింతగా చూశాడు. కానీ లేచాడు. దారిలో రాయప్ప బోరు కుండీ దగ్గర ఆగి, అడుగున ఉన్న నీళ్ళు చేత్తో తీసి, నోరు కడుక్కోమన్నాడు. ఎందుకని అడిగితే, "నోరంతా రంగయిందండి," అన్నాడు. ఆ అబద్ధం చెప్పాక నోరంతా అంటుకున్నట్టు అయింది రాయప్పకే.

గది దగ్గర రాయప్ప భార్య భాగ్యవతి అన్నం వారుస్తోంది. రాయప్ప ఆమెను షెడ్డు ముందు వైపుకి లాక్కెళ్ళి చెప్పాడు. ఆమె చేతిలో గంటె అలాగే గాల్లో ఉండిపోయింది.

"ఆ కుంచె నాకాడా?"

"నాకాడే. ఆరింటి నించి నాకుతానే ఉన్నాడు."

"ఎవరన్నా చూశారా?"

"ఎవరూ లేరు."

"అయితే నోరెత్తకు." ఆమె గొంతు చిన్నదయింది. "ఫారినోడు, రాయప్పా. మనోడు మందు తాగి చస్తేనే స్టేషన్ చుట్టూ ఏడాది తిప్పుతారు. ఈయన పోతే మందు పెట్టి చంపారంటారు. నువ్వు లోపలికి పోతే నేనేం కావాలి?"

"పోతాడంటావా?"

"కుంచె కొసకి ఎంత అంటుద్ది? చుక్కలో చుక్క. నువ్వు మందులో తడిసి తడిసి బతకట్లా?"

ఆ మాట రాయప్ప పట్టుకున్నాడు. నీళ్ళలో పడ్డవాడు గడ్డిపరక పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. చుక్కలో చుక్క. ఏం కాదు. ఏం కాకపోవచ్చు. కానీ మందు ఎలా ఎక్కుతుందో అతనికి తెలిసినంత ఆ చుట్టుపక్కల ఎవడికీ తెలియదు. ముసునూరు వైపు తోటల్లో ఇరవై ఏళ్ళుగా మందు కొడుతున్నాడు. రెండుసార్లు పడిపోయాడు. మొదట చెమట. తర్వాత నోట్లో ఉమ్మి ఊరుతూనే ఉంటుంది, మింగలేం. తర్వాత కంటిపాప ఆవగింజంత అయిపోతుంది, మధ్యాహ్నం ఎండలో కూడా లోకం మసకగా కనపడుతుంది. తర్వాత ఊపిరి. రెండోసారి డాక్టరు చెప్పిన మాట గుర్తుంది: ఇంకో గంట ఆగి తెస్తే శవాన్ని తెచ్చేవాళ్ళు.

పదకొండయింది. మజ్జిగ ఇచ్చాడు, ఆయన తాగాడు. పదకొండున్నర. మంచం మీద పడుకుని పుస్తకం తిరగేస్తున్నాడు. రాయప్ప గుమ్మంలో కూర్చుని ఆయన ఊపిరి లెక్కపెట్టాడు. చేతిలో పని లేకపోతే బాగోదని ఒక తాడు తీసుకుని ముడులు వేశాడు, విప్పాడు, మళ్ళీ వేశాడు. ఆయన దగ్గితే ప్రాణం పోయి వచ్చేది. ఇప్పుడు చెప్పొచ్చు. ఇప్పుడైనా చెప్పొచ్చు. చెప్తే ఏమవుతుంది? ఏమీ కాకపోతే ఊరికే చెప్పినవాడినవుతాను. ఇంకో పది నిమిషాలు చూద్దాం.

అలా పది నిమిషాలు చాలాసార్లు చూశాడు.

కిందటేడు ఇదే గుమ్మంలో ఆయన తన తండ్రి సంగతి చెప్పాడు. వాళ్ళ ఊరు సముద్రం కంటే పల్లంలో ఉంటుందట. సముద్రానికి కట్ట. ఆ కట్టకి కాపలా మనిషి వాళ్ళ నాన్న.

"మా కాలవల మీద లస్కరు ఉంటాడు కదండీ, అట్లాగా?" అన్నాడు రాయప్ప.

"అదే. లస్కర్." ఆ మాట ఆయనకి నచ్చింది. "యాభై మూడు, ఫిబ్రవరి. శనివారం రాత్రి. నీళ్ళు పైకి వస్తున్నాయ్. నాన్న చూశాడు. ఊరి పెద్దాయన ఇంటికి పోయి లేపాలి. పెద్దాయన కోపిష్టి. లేపితే, నీళ్ళు రాకపోతే? నాన్నకి భయం. కట్ట మీదే నుంచున్నాడు. ఒక గంట. తర్వాత కట్ట పోయింది."

హెండ్రిక్‌కి అప్పుడు మూడేళ్ళు. అమ్మ అతన్ని ఎత్తుకుని ఇంటి కప్పు ఎక్కింది. చెల్లెలు ఉయ్యాల్లో ఉంది. ఉయ్యాల దొరికింది.

"ఊరంతా తెలుసు, ఆ గంట సంగతి. ఎవరూ అనలేదు. నాన్న ముప్ఫై ఏళ్ళు బతికాడు, ఎవరూ ఒక్క మాట అనలేదు. నేను ఆ ఊళ్ళో ఉండలేకపోయాను. నాన్న చెడ్డవాడు కాదు రాయప్పా. భయం, అంతే."

అప్పుడు రాయప్ప, "పాపం," అన్నాడు. ఇప్పుడు ఆ గుమ్మంలో కూర్చుని తాడు ముడి వేస్తుంటే ఆ గంట అతని మీదికి వచ్చి కూర్చుంది. గడియారం చూశాడు. పన్నెండూ ఇరవై. గంట ఎప్పుడో దాటిపోయింది.

"రాయప్పా," లోపల్నించి గొంతు తడిగా వచ్చింది. "దీపం వెయ్. అక్షరాలు కనపట్లా."

బయట నడినెత్తి ఎండ. కిటికీలోంచి వెలుగు నేరుగా ఆయన పుస్తకం మీదే పడుతోంది.

రాయప్ప లోపలికెళ్ళాడు. ఆయన చొక్కా ముంచి తీసినట్టు తడిసి ఉంది. దిండు మీద ఉమ్మి కారింది. వంగి కళ్ళలోకి చూశాడు. నీలం కళ్ళు. మధ్యలో ఆవగింజ.

* * *

రాయప్ప ఫోన్ చేస్తే లక్ష్మీనరసింహారావు కారు వచ్చేసరికి గంట పట్టింది. వెనక సీట్లో రాయప్ప హెండ్రిక్ తల ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. రెండోసారి కారు సీటు మీదే.

"వడదెబ్బ," అన్నాడు రావు గారు స్టీరింగు తిప్పుతూ. "చెప్తే వినడు కదా ముసలోడు. నలభై మూడు డిగ్రీల్లో బొమ్మలేంటి?"

"వడదెబ్బ కాదండి." రాయప్పకి తన గొంతు వేరెవరిదో లాగా వినపడింది. "మందు డ్రమ్ములో నీళ్ళిచ్చానండి. పొరపాటున."

కారు ఒక్కసారి పక్కకి లాగి మళ్ళీ దారిలో పడింది. రావు గారు అద్దంలోంచి అతన్ని చూశాడు.

"ఇంకెవరికి చెప్పావ్?"

"మా ఆడదానికి."

"ఇంకెవరికీ చెప్పకు. వడదెబ్బ, అంతే."

"డాక్టరు గారికి..."

"ఒరేయ్, నోర్మూసుకుని విను. ఫారిన్ వాడు మన దగ్గర దిగితే పోలీసులకి సి ఫారం పెట్టాలి. ఆరేళ్ళలో ఒక్కసారి పెట్టలేదు నేను. ఇప్పుడు మందు కేసంటే ఎస్సై వస్తాడు, పేపరోళ్ళొస్తారు, నా తోటలో విషమని రాస్తారు. వారంలో కాయ దించాలి. ఎవడు కొంటాడ్రా? నేను రోడ్డున పడతా, నువ్వు జైల్లో పడతావ్. వడదెబ్బకీ సెలైనే, దీనికీ సెలైనే. ఎక్కిస్తారు, లేచి కూర్చుంటాడు."

సెలైను ఒక్కటే కాదని రాయప్పకి తెలుసు. అతనికి రెండుసార్లూ వేరే సూది పొడిచారు. దానికి నోరు పీచులా ఎండి, గోడల మీద చీమలు పాకుతున్నట్టు కనపడి, ప్రాణం వచ్చింది. ఆ సూది వడదెబ్బకి వేయరు. తెలిసీ నోరు మూసుకున్నాడు. ఒళ్ళో తల బరువుగా ఉంది. ఆ నోట్లోంచి కారే ఉమ్మిని తువ్వాలుతో తుడుస్తూనే ఉన్నాడు.

నూజివీడు ఆస్పత్రిలో చేరేసరికి రెండు కావస్తోంది. నర్సులు స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. డాక్టరమ్మ వయసులో చిన్నది, హడావిడిగా ఉంది. ఆ రోజుకి వడదెబ్బ కేసులు అప్పటికే ఏడు వచ్చాయి.

"ఎండలో ఎంతసేపున్నారు?"

"పొద్దుట్నించీ అండి," అన్నాడు రావు గారు. "బొమ్మలేస్తారు. పెద్దాయన, చెప్తే వినరు."

"వాంతులా? ఎన్ని?" ఆమె హెండ్రిక్ ఒంటి మీద చేయి వేసి చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. "ఇంత చెమటేంటి? వడదెబ్బకి చర్మం ఎండిపోవాలే." రాయప్ప వైపు తిరిగింది. "ఏమయ్యా, నువ్వెవరు? ఏం జరిగింది?"

రావు గారి చూపు రాయప్ప చెంప మీద నిప్పులా తగిలింది. "ఎండేనండి," అన్నాడు రాయప్ప.

ఆమె తల ఊపి సెలైను పెట్టమని నర్సుకి చెప్పి, పక్క మంచం వైపు కదిలింది. ఎండేనండి. అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట.

మంచం మీద హెండ్రిక్ చేయి కదిలింది. గాల్లో తడుముకుంటూ వచ్చి రాయప్ప చొక్కా అంచు పట్టుకుంది. ఆయనకి ఎవరూ కనపడడం లేదు. గొంతులో గురగురమంటోంది. అయినా డాక్టరమ్మ గొంతు వచ్చిన వైపు మొహం తిప్పి, పెద్ద మనుషులకి పరిచయం చేసినట్టు, తప్పుల్లేకుండా చెప్పాలని ప్రయత్నిస్తూ చెప్పాడు.

"ఈయన... రాయప్ప గారు. నా నీళ్ళ మనిషి."

ఆరేళ్ళలో ఆయన నోటి నించి గారు రావడం అదే మొదటిసారి.

"అమ్మా!" రాయప్ప అరిచాడు. వార్డు వార్డంతా అటు తిరిగింది. "వడదెబ్బ కాదమ్మా! మందు! నేనే ఇచ్చాను, మందు డ్రమ్ములో నీళ్ళు, ఆరింటి నించి నాకాడు, నాకు పదింటికే తెలుసు..."

రావు గారు అతని భుజం పట్టుకుని లాగాడు. డాక్టరమ్మ ఆ చేతిని ఒక్క దెబ్బ కొట్టి తోసేసింది. హెండ్రిక్ కంటి మీద టార్చి వేసి చూసింది. వెనక్కి తిరిగి నర్సు మీద ఏదో అరిచింది. ఒక్క నిమిషంలో మంచం చుట్టూ నలుగురు చేరారు.

"ఏం మందు? పేరు చెప్పు!"

"పేరు రాదమ్మా. పసుపు గుర్తు డబ్బా." మందు డబ్బా మీద విషం ఎంత గట్టిదో చెప్పే రంగు గుర్తు ఉంటుంది. చదువు రాని వాళ్ళకి ఆ రంగే పేరు.

"డబ్బా ఎక్కడ? లేబులు కావాలి నాకు, ఇప్పుడు!"

రాయప్ప ఫోన్ చేశాడు. రెండుసార్లు వేరే నంబరు నొక్కాడు.

"చెప్పేశావా?" అంది భాగ్యవతి.

"చెప్పేశాను. షెడ్డులో డబ్బా ఉంది, లేబులు ఫోటో తీసి పంపు."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినపడింది.

"భాగ్యం."

"ఆ ఫోటో పంపితే అదే సాక్ష్యం అవుద్ది. నా చేత్తో నిన్ను పంపించమంటావా?"

"ఆయన ఊపిరి గురగురమంటోందే."

ఫోన్ కట్ అయింది. రాయప్ప గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. నర్సులు అటూ ఇటూ పరిగెడుతుంటే వాళ్ళ చెప్పులు మాత్రమే కనపడుతున్నాయి. మూడు నిమిషాలు. అతని చేతిలో ఫోన్ టింగుమంది. ఫోటో మసకగా ఉంది, చేయి కదిలిపోయింది. ఆ వెంటనే ఇంకోటి వచ్చింది. అది స్పష్టంగా ఉంది. డబ్బా పక్కన ఆమె బొటనవేలు కూడా పడింది.

* * *

హెండ్రిక్ చావలేదు. రెండు రాత్రులు మంచానికి కట్టేసి సూదులు వేశారు. వాటి మత్తులో ఆయన డచ్చిలో ఎవరినో పిలిచాడు, కేకలు పెట్టాడు, దుప్పటి లాగి పారేశాడు. రాయప్ప వరండాలోనే ఉన్నాడు. ప్రతి బూటు చప్పుడూ పోలీసులదే అనిపించేది. చివరికి నిజంగానే వచ్చారు. అడిగినవన్నీ చెప్పాడు. ఒకచోట వేలిముద్ర వేయించుకున్నారు. మళ్ళీ పిలిస్తే రావాలన్నారు.

మూడో రోజు ఎస్సై హెండ్రిక్ దగ్గర కూర్చుని అడుగుతుంటే, రాయప్ప తలుపు బయట నిలబడి విన్నాడు. ముసలాయన ఒక్క అబద్ధం ఆడలేదు. రాయప్ప ఇచ్చాడు, నేను నాకాను, పొరపాటు, కంప్లైంట్ లేదు, ఎక్కడ సంతకం? అంతే. సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది. పెన్ను కాగితం మీద కుక్క తోకలా కొట్టుకుంది. ఎస్సై పక్కకి చూశాడు.

అందరూ పోయాక హెండ్రిక్ అతన్ని లోపలికి పిలిచాడు.

"జాడీ కావాలని తన్నావ్."

"అవునండి."

"అప్పుడు టైమెంత?"

"పదిన్నర కూడా కాలేదండి."

"ఇక్కడ చెప్పింది?"

"రెండు దాటిందండి."

హెండ్రిక్ లెక్క వేసుకున్నాడు. కిటికీ వైపు చూశాడు. ఆయన మొహంలో కోపం ఉందేమోనని రాయప్ప వెతికాడు. ఉంటే బాగుండును, తిడితే బాగుండును, లేచి ఒక్కటి కొడితే కాళ్ళ మీద పడిపోవచ్చు. ఆయన ఏమీ అనలేదు. వాళ్ళ ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు ఎవరూ ఏమీ అనకపోవడం అంటే ఏమిటో అప్పుడు రాయప్పకి అర్థమైంది.

వారం తర్వాత ఆయన హాలెండు పోయాడు. వస్తానని గాని, రానని గాని చెప్పలేదు. రావు గారు సి ఫారం విషయంలో రెండుసార్లు స్టేషన్‌కి పోయి వచ్చి, తిట్టాల్సినవన్నీ తిట్టి, కాయ దించే సమయం కాబట్టి రాయప్పను ఉంచుకున్నాడు. రాయప్ప మందు డ్రమ్మును కత్తితో కోసి ముక్కలు చేశాడు. కొత్తది ఎర్రది తెచ్చాడు. అయినా రోజూ పొద్దున నీళ్ళు ముంచే ముందు అర నిమిషం అలా నిలబడిపోయేవాడు. భాగ్యవతి వంటకి నీళ్ళు అడిగితే, "నువ్వే ముంచుకో," అనేవాడు.

మళ్ళీ పూత వచ్చింది. జనవరి మూడో వారంలో ముసునూరు దారి మీద ఆటో ఆగి, హెండ్రిక్ దిగాడు. చిక్కిపోయాడు. కర్ర పట్టుకున్నాడు. తోలుపెట్టె, స్టూలు, కొత్త జాడీలు రెండు. రాయప్ప ఎదురెళ్ళి జాడీల కోసం చేయి చాపాడు.

"అవి నేను తెచ్చుకుంటా," అన్నాడు హెండ్రిక్. గట్టిగా అనలేదు. కానీ ఇవ్వలేదు.

అప్పట్నించి ఆయనే పొద్దున బోరు దగ్గరికి కుంటుకుంటూ పోయి నింపుకుంటాడు. కుంచె నోట్లో పెట్టడం మానలేదు. డెబ్బై అయిదేళ్ళ నోరు, ఇప్పుడు మానదు. చేయి మాత్రం వణుకుతుంది. ఒకప్పుడు ఒక్క గీతలో వచ్చే ఆకు ఇప్పుడు మూడు విరుపులతో వస్తుంది. పూత గీస్తే గాలికి ఊగుతున్నట్టుంటుంది. అది బాగుందో పాడయిందో రాయప్పకి తెలియదు, అడగలేడు. దూరంగా చెట్ల మధ్య కవర్లు ఏరుతున్నట్టు, కొమ్మలు సరిచేస్తున్నట్టు నటిస్తూ ఆయన దగ్గుతాడేమో, కళ్ళు నులుముకుంటాడేమో చూస్తూ ఉంటాడు. ఆడవాళ్ళు ఇప్పుడు హాస్యాలాడరు. ఆరింటి నించి పదకొండింటి దాకా తోటలో ఆకు రాలిన చప్పుడు కూడా వినపడుతుంది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున బోరుకి కరెంటు లేదు.

హెండ్రిక్ జాడీలతో కుళాయి దగ్గర నిలబడ్డాడు. తిప్పాడు. రాలేదు. షెడ్డు పక్కన డ్రమ్ముల వైపు ఒక్కసారి చూశాడు. రాయప్ప షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. అడగొద్దు, అడిగితే ఏం చేయాలి, అడగకపోతే ఏం చేయాలి.

ముసలాయన అడగలేదు. కర్ర తీసుకుని గట్టు దాటి పక్క తోట వైపు నడిచాడు. అక్కడ సోలార్ మోటారు ఉంది. కిలోమీటరు దూరం. రాయప్ప పది అడుగుల వెనక నడిచాడు. రమ్మని ఆయన అనలేదు, వద్దనీ అనలేదు.

అక్కడ ఆయనే నింపుకున్నాడు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని రుచి చూశాడు. తిరిగి వస్తుంటే ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో రెండు జాడీలు, చేతి వణుకుకి నీళ్ళు ఒలికి ప్యాంటంతా తడిసింది. సగం దారిలో ఆగిపోయాడు. ఆయాసపడ్డాడు. వెనక్కి తిరగకుండానే ఒక జాడీని పక్కకి చాపాడు.

"బరువుగా ఉంది."

రాయప్ప దగ్గరికొచ్చి రెండు చేతులతో తీసుకున్నాడు. ఎండ అందులోంచి ఇటు నించి అటు దూసుకుపోతోంది. నలుసు లేదు, తెలుపు లేదు. మళ్ళీ చూశాడు. ఇంకోసారి చూశాడు. నడుస్తూ కూడా దాని మీంచి చూపు తీయలేకపోయాడు. గట్టు మీద రాయి తగిలి తూలాడు.

"ముందుకి చూసి నడు రాయప్పా," అన్నాడు హెండ్రిక్. "పడతావ్."

సరేనండి అన్నాడు గాని, చూపు మాత్రం నీళ్ళ మీదే ఉంది.